సొరుగులో దాచిన గొంతు

ఫిబ్రవరి 9

గొంతు డాక్టర్ ఇవాళ తేల్చి చెప్పేశాడు. ఇక రాదట. థైరాయిడ్ ఆపరేషన్‌లో దెబ్బతిన్న నరం ఇన్ని నెలలైనా కోలుకోలేదంటే ఇక కోలుకోనట్టేనట. ఆపరేషన్‌కి ముందు ఇదే మనిషి, ఇదే కుర్చీలో కూర్చుని, చాలా చిన్న ఆపరేషనమ్మా, వారం తిరక్కుండా మైకు ముందు ఉంటారు అన్నాడు. ఆ మాట గుర్తు చేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చేది గాలి. గాలితో ఎవరినీ తిట్టలేం.

దారిలో మా ఆయన కారు నడుపుతూ, పోనీలే, ప్రాణం దక్కింది కదా అన్నాడు. ప్రాణం పోతుందని అసలు ఎవరన్నారు?

ఫిబ్రవరి 10, ఉదయం

ఏడవలేదు. ఏడ్చినా చప్పుడు రాదు. ఎవరికి వినిపించాలని?

పైగా నా దగ్గర ఒక ఏర్పాటు ఉంది. దాన్ని తలుచుకునే రాత్రి నిద్రపోయాను. ఆపరేషన్‌కి ముందు స్పీచ్ థెరపిస్టు ఒకావిడ చెవిన వేసింది, గొంతు మీద బతికేవాళ్ళు ముందుజాగ్రత్తగా గొంతు రికార్డు చేసి దాచుకోవాలని. దానికో కంపెనీ ఉందట. వాళ్ళిచ్చిన వాక్యాలన్నీ శుభ్రంగా చదివి పంపితే మన గొంతును ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తారు. ఆ తర్వాత మనం టైపు చేస్తే ఫోన్ మన గొంతుతోనే మాట్లాడుతుంది.

నేను సీరియళ్ళకి గొంతిచ్చే డబ్బింగ్ స్టూడియోలో ఇంజనీరును బతిమాలి, ఒక ఆదివారం ఖాళీ బూత్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదివాను. ఈ బస్సు ఎటు వెళ్తుంది, నాకు చలిగా ఉంది, తలుపు వేసి వెళ్ళు. ఇలాంటివి వందల కొద్దీ. నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు అనే వాక్యాన్ని రెండుసార్లు చదివాను. రెండుసార్లూ చాలా బాగా వచ్చింది.

కంపెనీకి మాత్రం పంపలేదు. చిన్న ఆపరేషన్ అన్నారు కదా, అవసరమైతే చూద్దాం అనుకున్నాను. అంతా హార్డ్ డిస్కులో పెట్టి, డిస్కును బీరువా సొరుగులో పెట్టి ఆస్పత్రికి వెళ్ళాను. స్టూడియోవాళ్ళు ఎపిసోడ్ టీవీలో రాగానే మా గొంతుల ఫైళ్ళన్నీ చెరిపేస్తారు. టీవీలో వచ్చినదాంట్లో మాట మాటకీ వెనకాల సంగీతం మోగుతూ ఉంటుంది, అది కంపెనీకి పనికిరాదు. అంటే ఈ లోకంలో నా గొంతు, ఏ మోతా లేకుండా, ఉన్నది ఆ సొరుగులోనే.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

డిస్కును లాప్‌టాప్‌కి తగిలించాను. దీపం వెలిగింది. ఈ డ్రైవ్‌ను చదవలేకపోతున్నాం, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట. కేబుల్ మార్చాను. మా ఆయన పాత లాప్‌టాప్‌కి పెట్టి చూశాను. అక్కడా అంతే.

చేయమంటారా, చేయమంటారా అని ఎంత మర్యాదగా అడుగుతోందో!

ఫిబ్రవరి 10, సాయంత్రం

మా ఆయన ఇంటికి రాగానే చీటీ రాసి చూపించాను. కళ్ళజోడు లేదు, తర్వాత చూస్తానన్నాడు. ఈ ఇంట్లో నేను పోట్లాడాలన్నా ముందు ఆయన కళ్ళజోడు వెతికి చేతికివ్వాలి. ఇచ్చాను. డిస్కు చదవడం లేదు, నా గొంతంతా అందులోనే ఉంది అన్న చీటీని చాలాసేపు చూశాడు. ఎక్కడో కింద పడేసి ఉంటావు, అవి చాలా సున్నితం అన్నాడు. నేను పడేయలేదని ఇంకో చీటీ రాసేలోపు కళ్ళజోడు తీసి జేబులో పెట్టేసుకున్నాడు.

ఫిబ్రవరి 12

పాడైన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసి ఇచ్చే చోటికి వెళ్ళాను. అక్కడి మనిషి తెల్ల కోటు వేసుకుని ఉన్నాడు. చేతులకి గ్లౌజులు. డిస్కును పేషెంటు అంటాడు. ఆయనకి డిస్కు డాక్టర్ అని పేరు పెట్టాను. ఈమధ్య నా నుదుట అందరూ డాక్టర్లే రాసిపెట్టి ఉన్నారు.

రాసి చూపిస్తున్నానని నాకు చెవుడు కూడా ఉందనుకున్నాడు కాబోలు, అరిచి అరిచి చెప్పాడు. ఒకవేళ ఫార్మాట్ అయినా అంతమాత్రాన ఫైళ్ళు పోవట. పేర్లు చెరిగిపోతాయి, ఫైళ్ళు మాత్రం ఉన్నచోటే పడి ఉంటాయట. వాటి మీద ఇంకేదైనా రాస్తేనే ప్రమాదమట. తర్వాత దీంట్లోకి ఏమైనా కాపీ చేశారా అని అడిగాడు. లేదు అని రాశాను. బాగా ఆలోచించి చెప్పండి అన్నాడు. సొరుగులోంచి బయటికే రాలేదు అని రాసి, కింద రెండు గీతలు గీశాను. పెన్ను గుచ్చుకుని కాగితం చిరిగింది.

ఫిబ్రవరి 14

కబురు లేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. ఎత్తితే మాత్రం హలో అనగలనా?

ఫిబ్రవరి 16

అత్తయ్య సీరియల్ చూస్తున్నారు. పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టాను.

ఆ సీరియల్లో పెద్ద కోడలు ఒక విషపురుగు. తెర మీద కనపడే అమ్మాయికి మన భాష ముక్క రాదు. అన్నేళ్ళు ఆ అమ్మాయి పెదాలాడించింది, గొంతిచ్చిన నేను జనం చేత తిట్లు తిన్నాను. కూరగాయల కొట్టులో నా మాట వినగానే వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఒకావిడైతే, అత్తగారిని అలా ఏడిపిస్తావేమిటి తల్లీ అని నిలదీసింది. మా అత్తయ్య అది విని వారం రోజులు అందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

ఆపరేషన్ అయిన తర్వాత ఆ పాత్రకి ఒక కొత్త పిల్లను తీసుకున్నారు. ఆ పిల్ల అరుస్తుంది. పెద్ద కోడలు అరవదు, నెమ్మదిగా మాట్లాడి చంపుతుంది. ఆ తేడా ఇంజనీరుకి తెలుసు, నాకు తెలుసు. ఇవాళ అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే, మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయిందమ్మా అన్నారు. చొక్కా మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టాను.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

డిస్కు డాక్టర్ రమ్మని మెసేజ్ పెట్టాడు. వెళ్ళగానే, మీరు నాకు అబద్ధం చెప్పారు అన్నాడు. ఈసారి అరవలేదు.

డిస్కు పాడవలేదట. ఎవరో దాన్ని టీవీకి తగిలించారు. కొన్ని టీవీలు డిస్కు పెట్టగానే దాన్ని తమ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటాయి, ఆ తర్వాత కంప్యూటర్‌కి అది అర్థం కాదు. అక్కడితో ఆగినా బాగుండేదట. టీవీ దాని మీద వారాల తరబడి రికార్డు చేసింది. ఇలాంటివి రోజూ చూస్తుంటానన్నట్టు ఆవలిస్తూ, ఏదో ఒకటి నొక్కి చూపించాడు.

పెద్ద కోడలు వచ్చింది. తోడికోడలి మీద అరుస్తోంది. కొత్త పిల్ల గొంతు.

నా గొంతును చెరిపి, దాని మీద ఆ పిల్ల గొంతు రాశారు. ఆ పిల్లకి నా పాత్ర ఇచ్చినప్పుడు ఏడవలేదు. పండగ చేసుకోమని మెసేజ్ కూడా పెట్టాను. ఇప్పుడు ఇదేమిటి, నేను దాచుకున్న చోటికి కూడా వచ్చి కూర్చుంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు. అయినా ఆ క్షణంలో ఆ పిల్ల ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని.

మిగతాదాంట్లో ఏమైనా దొరుకుతుందేమో వెతుకుతానన్నాడు.

ఫిబ్రవరి 19, సాయంత్రం

కళ్ళజోడు నేనే తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టాను. ఒక్క ప్రశ్న రాశాను. డిస్కును టీవీకి పెట్టింది ఎవరు?

చీటీని తిప్పి వెనక కూడా చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆపరేషన్ తర్వాత నువ్వు మీ అక్క ఇంట్లో ఉన్నప్పుడు కొత్త టీవీ కొన్నాం కదా. అమ్మకి కళ్ళ ఆస్పత్రికి తిరగడంతో సీరియల్ తప్పిపోతోంది. రికార్డు చేద్దామని సొరుగులో కనపడిన డిస్కు పెట్టాను. టీవీ ఏదో అడిగింది, ఓకే నొక్కాను. ఎవరైనా నొక్కుతారు. నువ్వు వచ్చేముందు తీసి ఎక్కడిది అక్కడ పెట్టేశాను. దాని మీద ఏమీ రాసి లేదు, నాకెలా తెలుస్తుంది?

తెలియకపోవచ్చు. అది ఒప్పుకుంటాను. కానీ నేను చీటీ చూపించిన రోజు తెలిసింది కదా అని రాశాను. తెలిసీ నేను కింద పడేశానన్నావు అని రాశాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు అన్నాడు. నేనే పడేసి నా గొంతు నేనే పోగొట్టుకున్నాననుకుంటే బాధ తక్కువగా ఉంటుందా అని రాశాను. అప్పుడు ఆయన చిరాగ్గా కళ్ళజోడు తీసి, ఊరికే సీరియల్లో పెద్ద కోడల్లా మాట్లాడకు అన్నాడు.

మాట్లాడకు, అన్నాడు. నన్ను.

ఫిబ్రవరి 20

చీటీల ప్యాడ్ అయిపోయింది. కొత్తది కొనలేదు.

ఫిబ్రవరి 22

అత్తయ్యకి కొడుకే చెప్పినట్టున్నాడు. నా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నారు. నాకు తెలిసుంటే ఆ దిక్కుమాలిన సీరియల్ చూసేదాన్నే కాదమ్మా, నా కళ్ళు పోయినా బాగుండేది అని వెక్కి వెక్కి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. ఆవిడ మనసులో కల్మషం లేదు. వీపు నిమురుతూ కూర్చున్నాను. గొంతు పోయింది నాది, ఓదార్చాల్సిందీ నేనే.

కళ్ళు తుడుచుకుని లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. ఆ డిస్కాయన ఎలాగూ వెతుకుతున్నాడు కదా, అందులో తను ఇంకా చూడని భాగాలు కూడా ఉండిపోయాయి, వాటినీ తీసిస్తాడేమో అడగమన్నారు.

నిజానికి పడీ పడీ నవ్వాల్సిన మాట. నోరు తెరిచాను. గాలి వచ్చింది.

ఫిబ్రవరి 26

దొరికాయట. కొన్ని.

డిస్కు మొదటినుంచి చాలా దూరం సీరియలే ఆక్రమించిందట. చివర్న కాపీ చేసిన ఫైళ్ళ దాకా మాత్రం టీవీ వెళ్ళలేదట. అవి చెక్కుచెదరకుండా ఉన్నాయట. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. పేర్లు లేవు, ఒట్టి నంబర్లు. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. గది గడియ పెట్టి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిది నొక్కాను.

నిట్టూర్పు.

రెండోది, ఎవరో వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడటం. ఆ తర్వాత వెక్కిళ్ళు. ఆ తర్వాత దగ్గు, మెట్ల మీంచి జారిపడిన కేక, జ్వరంలో మూలుగు, ఎదుటివాళ్ళ అబద్ధం పట్టుకున్నప్పుడు పెద్ద కోడలు నవ్వే నవ్వు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆదివారం చదవడం అంతా అయిపోయాక ఇంజనీరు, మీరు సెలవులో ఉన్నప్పుడు పనికొస్తాయి, రియాక్షన్స్ ఒక సెట్టు ఇచ్చి వెళ్ళండి మేడమ్ అన్నాడు. మా పనిలో ఏడుపులూ నవ్వులూ మాటలతో కలపరు, విడిగా తీసి పెట్టుకుంటారు. పనిలో పనిగా వాటినీ డిస్కులోకి ఎక్కించాను, అన్నిటికన్నా చివర.

అవే మిగిలాయి. బస్సు ఎటు వెళ్తుందో అడగలేను. చలిగా ఉందని చెప్పలేను. నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు, అది రెండుసార్లూ పోయింది. అన్నిట్లోనూ కలిపి ఒక్క ఊఁ ఉంది. అది మాట కిందకి వస్తుందా?

అప్పుడు ఏడ్చాను. చెవుల్లో నా ఏడుపు చప్పుడుతో వస్తోంది. బయట నా ఏడుపు చప్పుడు లేకుండా వస్తోంది. ఇన్నేళ్ళు ఎవరెవరి ముఖాలకో డబ్బింగ్ చెప్పాను, మొదటిసారి నా ముఖానికి సరిపోయింది.

మార్చి 1

కంపెనీ జవాబు ఇచ్చింది. మాటలు లేకుండా గొంతు తయారు చేయలేమట. చాలా విచారిస్తున్నారట. దిగులుపడకుండా తమ దగ్గర సిద్ధంగా ఉన్న గొంతుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. స్త్రీ ఒకటి, స్త్రీ రెండు. రెండూ విన్నాను. స్త్రీ ఒకటి రైలు ఆలస్యమైందని చెప్పేలా ఉంది. స్త్రీ రెండు ఆ ఆలస్యానికి సంతోషిస్తున్నట్టుంది.

ఏదీ ఎంచుకోలేదు. దొరికిన ఫైళ్ళను మాత్రం ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. నావి కాబట్టి.

మార్చి 4

మా ఆయన బాల్కనీలో ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. డిస్కు దానంతటదే కరప్ట్ అయిపోయిందట. తను ఊళ్ళో ఉన్న షాపులన్నీ తిరిగాడట. అయినా ధైర్యంగా నిలబడ్డాడట. అవతలి మనిషి ఏమన్నాడో, ఈయన నవ్వి, అవును, ఇల్లు మాత్రం చాలా ప్రశాంతంగా ఉందిలే అన్నాడు.

గొంతు పోయినప్పుడు కూడా ఇంత మండలేదు. అత్తయ్య కొడుకును ఎలాగూ బయటపెట్టరు. జరిగింది జరిగినట్టు చెప్పగలిగే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది, దానికి నోరు లేదు. ఆయనకి ఆ సంగతి బాగా తెలుసు. ఇక మా బంధువులందరికీ, ఆ తర్వాత ఎప్పటికీ, ఆయన చెప్పిందే జరిగింది.

మార్చి 8, ఆదివారం

అక్కా బావా వచ్చారు. మా ఆయన మొదలుపెట్టాడు. దానంతటదే కరప్ట్ అయిపోయింది బావగారూ, నేను తిరగని షాపు లేదు.

ఫోన్ తీసి, సౌండ్ పూర్తిగా పెంచి, పెద్ద కోడలి నవ్వు నొక్కాను.

అక్క చేతిలో కప్పు ఆగిపోయింది. బావ నా వైపు చూసి, తర్వాత మా ఆయన వైపు చూశాడు. లోపలి గదిలోంచి అత్తయ్య, సీరియల్ అప్పుడే మొదలైందా అని అడిగారు.

మా ఆయన మళ్ళీ నోరు తెరిచాడు. మళ్ళీ నొక్కాను.