తొమ్మిది అడుగుల లోతు

సరస్సు పడవల రేవు అధికారి గారి సముఖమునకు, అవతలి ఒడ్డున నివసించు పడవవాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రేవులో పేరుకున్న పూడిక తీయించుట, మూసిన మెట్ల గేటును ప్రజల రాకపోకలకు తెరిపించుట గురించి.

1. నేను ఇరువది రెండు సంవత్సరములుగా ఈ సరస్సులో పడవ నడుపుచున్నాను. మా అక్కకు మూత్రపిండాలు రెండూ పనిచేయవు. ప్రతి మంగళ, శుక్రవారములు తమరి ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో ఆమెకు డయాలసిస్ జరుగవలెను. నీటి మీద నలభై నిమిషములు. రోడ్డున చుట్టి వచ్చినచో మూడు బస్సులు మారవలెను. ఒకసారి అట్లు రాగా రెండో బస్సులోనే ఆమె స్పృహ తప్పినది.

2. గడచిన వానలకు వాగు తెచ్చిన ఒండ్రుతో రేవు నిండినది. పడవ మెట్లకు యాభై గజముల దూరముననే కూరుకుపోవుచున్నది. అక్కడి నుండి అక్కను వీపున వేసుకొని మోకాటి లోతు బురదలో మోయుచున్నాను. నెల క్రితం ఆ మెట్లకు గేటు పెట్టి, తాళం వేసి, 'పూడిక కారణముగా ప్రవేశము లేదు' అని బోర్డు కట్టినారు. పక్కనున్న విహార పడవల రేవు క్లబ్బు సభ్యులకు మాత్రమేనట.

3. ఇందు నిమిత్తము తమరి కార్యాలయమునకు నాలుగు పర్యాయములు వచ్చితిని. కిటికీ పక్క బల్ల గుమాస్తా గారు రిజిస్టరు తీసి చూపినారు. "రేవులో తొమ్మిది అడుగుల లోతుందని కొలిచి రాశారు. లేని పూడిక ఏం తీయమంటావు?" అన్నారు. అయితే గేటు తీయించమంటిని. "అది నా బల్ల కాదు" అన్నారు. ఎదుటి బల్ల గుమాస్తా గారు తలెత్తకుండానే, "బురదలోకి జనాన్ని ఎలా వదులుతామయ్యా? పూడిక తీశాక రా" అన్నారు. ఆ రెండు బల్లల నడుమ రెండు మూరల దూరం కూడా లేదు. నన్ను అటూ ఇటూ తిప్పి చంపుతున్నారు. ఈ మాట అర్జీలో ఉండరాదని ఎరుగుదును. తిరిగి వ్రాయుటకు వేరే కాగితం లేదు.

4. ఇక నా తప్పు. ఆ కొలత తీసినది నా పడవలోనే. ఇనుప గుండు కట్టిన తాడు దింపినది నేనే. "ఆగేదాకా వదులు" అన్నారు సర్వే సారు. రెండు అడుగుల నీరు దాటి గుండు బురదలోకి దిగుచున్నదని నా చేతికి తెలియుచునే ఉన్నది. అయినను, గట్టి నేల తగిలిన తరువాత, తొమ్మిది అడుగులని చెప్పితిని. లోతు లేదని వ్రాసుకొన్నచో రేవు మూసివేయుదురని, అక్కను దింపుటకు చోటుండదని భయపడితిని. సాక్షిగా సంతకము కూడా చేసితిని. మా అక్క నోట్లో నేనే మన్ను కొట్టాను.

5. ఇన్నాళ్లూ వాచ్‌మన్ గారు జాలిపడి తాళం తీసెడివారు. గత వారం ఆయనకు బదిలీ అయినది. పోయిన శుక్రవారం గేటు పట్టుకొని గంటన్నర నిలబడి వెనుకకు మరలితిమి. మంగళవారమూ అంతే. ఆమె కాళ్లు ఉబ్బినవి. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే కునుకు తీస్తున్నది. "ఇక చాల్లేరా, నీ నడుం విరుగుతోంది. నన్నింట్లో ఉండనియ్యి" అంటున్నది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకొని పెంచిన మనిషి. ఎలా ఉండనిచ్చేదయ్యా?

కావున, నా సాక్ష్యము అబద్ధమని నమోదు చేసి, శిక్ష ఏదైనను నాకు విధించి, పూడిక తీయించి గేటు తెరిపించగలందులకు ప్రార్థన. పడవ లైసెన్సు మాత్రము ఆమె ఉన్నంత వరకు రద్దు చేయవద్దని వేడుకొనుచున్నాను. ఈ మొర ఆలస్యము లేక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అవతలి ఒడ్డు పడవవాడు

తా.క.: పైదంతా నిన్న ఇంట్లో రాశాను. ఇది శుక్రవారం పొద్దున, గేటు ఇవతల మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. తాళం పగలగొడదామని రాయి తీస్తే అక్క చెయ్యి పట్టుకుంది. "నిన్ను లోపలేస్తే నన్నెవరు దాటిస్తార్రా?" అంది. ఊచల్లోంచి ఈ కాగితం గేటు అవతల పండ్లమ్మే ఆవిడ చేతికిచ్చి మీ ఆఫీసుకు పంపుతున్నాను. పూడిక సంగతి మీ ఇష్టం, ఎప్పుడైనా తీయించుకోండి. తాళంచెవి ఇచ్చి ఎవరినైనా పంపండి. ఆమె ఒంట్లో నీరు నిండిపోయింది. ఇందాక ఎత్తుకుంటే పోయినసారి కన్నా చాలా బరువుంది. "బరువయ్యానా?" అని అడిగింది. లేదక్కా అన్నాను.