కోరీ రాని బుధవారాలు

నవంబర్ 8, బుధవారం

రోజంతా వాన. అత్తగారు కోరీ పాపెన్‌డ్రెఖ్ట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ తడిసి ముద్దై వచ్చింది. బఠానీ సూప్ గిన్నె మాత్రం ప్లాస్టిక్ సంచిలో పొడిగా ఉంది. ఆవిడ మోకాలు వాచింది. అయినా పాప ఎలెనను ఎత్తుకుని, నన్ను పోయి పడుకోమంది. పిల్ల పుట్టాక నేను కాస్త నిద్రపోయేది బుధవారాలే. మా ఆయన బస్టియాన్ ఇసుక తవ్వే ఓడ మీద ఎక్కడో ఉన్నాడు. జనవరి దాకా రాడు.

ఆవిడ వెళ్లేటప్పుడు, వచ్చే వారం రానక్కర్లేదని చెప్పాను. ఆ మోకాలితో ఎదురుగాలిలో ఎందుకు? డచ్ వాక్యం ముందే మనసులో కూర్చుకున్నాను. క్రియ రెండో చోట రావాలి. వచ్చింది. ఎక్కడా తడబడలేదు. ఆవిడ చాలాసేపు గ్లోవ్స్ తొడుక్కుంది. సరే అంది.

డచ్‌లో ఇంత చక్కగా ఎప్పుడూ మాట్లాడలేదు. కొంచెం గర్వంగా ఉంది.

నవంబర్ 15, బుధవారం

రాలేదు. మంచిదే, మోకాలికి విశ్రాంతి. పిల్ల మధ్యాహ్నం నుంచీ ఏడుపు.

నవంబర్ 22, బుధవారం

ఈ వారం వస్తుందనుకున్నాను. సోఫా మీద బట్టలు కూడా తీసి సర్దాను. రాలేదు. మోకాలు ఎలా ఉందని మెసేజ్ పెట్టాను. బాగుంది అని ఒక్క మాట వచ్చింది.

నవంబర్ 26, ఆదివారం

బస్టియాన్ ఫోన్ చేశాడు. అమ్మ వస్తోందా అన్నాడు. లేదన్నాను. గొడవ పడ్డారా అన్నాడు. లేదన్నాను. మా వాళ్లు ఏదైనా ఉంటే మొహం మీదే చెప్పేస్తారు, నువ్వు ఊరికే బుర్ర పాడుచేసుకోకు అన్నాడు. లైన్ కట్టయింది.

పాడుచేసుకుంటూనే ఉన్నాను. పెళ్లైన కొత్తలో ఆవిడను మీరు అనేదాన్ని. డాక్టర్ దగ్గర కూర్చున్నట్టుంది, నువ్వు అను, కోరీ అని పిలువు అంది. మా దేశంలో, కుటాయిసిలో ఉన్న మా అమ్మ వింటే నా చెంప పగిలేది. ఇప్పటికీ ఆ నువ్వు నోట్లో సరిగ్గా తిరగదు. ఆ రోజు మీరు అని దూరం పెట్టానా? నువ్వు అని కసిరినట్టు అన్నానా? గుర్తు రావడం లేదు. నిద్ర లేకపోతే ఏదీ గుర్తుండదు.

నవంబర్ 29, బుధవారం

లేదు.

డిసెంబర్ 5, మంగళవారం

లైబ్రరీలో డచ్ క్లాస్. పిల్లను బండిలో తోసుకుంటూ వెళ్లాను. సగం నిద్రలోనే విన్నాను. టీచర్ మార్లూస్ బోర్డు మీద రెండు మాటలు రాసింది. మూటెన్, హూవెన్. మూటెన్ అంటే చేయాలి, తప్పదు. దానికి కాదు అన్న మాట తగిలించి ‘మూట్ నీట్’ అంటే అక్కర్లేదని అర్థమని కొత్తవాళ్లందరూ అనుకుంటారట. కాదట. అది వద్దని చెప్పడమట. అక్కర్లేదు అనాలంటే హూవెన్ వాడి ‘హూఫ్ట్ నీట్’ అనాలి.

పక్క కుర్చీలో సెమ్హార్ అంది, “అయితే మా బాస్‌తో నాకు సాయం చెయ్యొద్దన్నానన్నమాట. అందుకే మహానుభావుడు వేలు కదపలేదు.”

అందరూ నవ్వారు. నాకు నిద్ర వదిలిపోయింది.

నేను రావద్దన్నాను. వానలో తడిసి వచ్చిన మనిషితో, గుమ్మంలో నిలబడి. క్రియ కూడా సరైన చోటే పెట్టి.

అదే రోజు, సాయంత్రం

క్లాస్ నుంచి నేరుగా పాపెన్‌డ్రెఖ్ట్ బస్ ఎక్కాను. కోరీ తలుపు తీసి పిల్లను చూసింది, నన్ను చూడలేదు. దారంతా వల్లించిన వాక్యం పోయింది. “రావద్దు అనలేదు. అక్కర్లేదు అనబోయాను. నీ మోకాలు. మాట తప్పు” అన్నాను.

ఆవిడ తలుపు పట్టుకునే నిలబడింది. “నేనేమనుకున్నానో తెలుసా? కోడలు మాలాగే మాట్లాడటం నేర్చుకుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఆ మాట గౌరవించాలి అనుకున్నాను.”

“ఒక్కసారి అడగొచ్చు కదా.”

“ఏమని అడగను? నువ్వు మాట్లాడేది సగం అర్థం కాదు. ఆ ఒక్కటే ముత్యంలా అన్నావు.”

లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. బుధవారాలు ఇంక కుదరవని చెప్పింది. పక్కింటాయనను ఆయన కారులోనే డయాలసిస్‌కి తీసుకెళ్తోందట. ఊరికే కూర్చోలేక ఒప్పుకున్నానంది, మాటిచ్చాక తప్పదంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఎలెనను నా ఒళ్లోంచి తీసుకుంది.

“గురువారం మధ్యాహ్నం ఖాళీ. రమ్మంటావా?”

“రావాలి” అన్నాను, మూటెన్ వాడి.

అది పోలీసు పిలిచినట్టుందట. వస్తే బాగుంటుంది అనాలట. ఇంకోసారి అనమంది. అన్నాను.

డిసెంబర్ 7, గురువారం

వచ్చింది. చీకటి పడేదాకా నిద్రపోయాను. మధ్యలో కళ్లు తెరిచి మా భాషలో ఏదో అన్నానట. ఆవిడ సరే అందట. ఏమన్నానో నాకు తెలియదు. దేనికి ఒప్పుకుందో ఆవిడకీ తెలియదు.