పెద్దావిడ నన్ను ‘నువ్వు’ అంది

అక్కా, భాష రాక నా ఉద్యోగం ఊడుతుందేమోనని దిగులు పడుతున్నావట. ఊడలేదు, నేను కులాసాగానే ఉన్నాను.

ఆసుపత్రిలో నేను నడిపించాల్సిన పెద్దావిడకి స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు. తుంటి ఆపరేషనయ్యాక మంచం దిగనంది. దిగకపోతే ఇక లేవలేదని డాక్టరు నా మీద కేకలు. నాకొచ్చిన ఒక్క మాట, “కమీనా” అని రోజూ బతిమాలితే, మొహం గోడవైపు తిప్పేసేది.

చివరికి ఆ భాష తెలిసిన తోటి నర్సు పకపకా నవ్వింది. “పెద్దావిణ్ణి పట్టుకుని ‘నువ్వు నడువు’ అంటావేంటి? ‘కమీనార్’ లాంటి ‘ఆర్’ మాటలకి చివర ‘ఎ’ పెడితే మర్యాద. ‘కమీనె’ అను. ‘ఎర్’, ‘ఇర్’ మాటలకి తిరగెయ్యాలి. ‘కొమేర్’ అంటే తినడం కదా, ‘కొమె’ అంటే తిను, ‘కొమా’ అంటే తినండి.”

నా బుర్ర గిర్రున తిరిగింది. మనకైతే ‘అండి’ తగిలిస్తే సరిపోయె!

మర్నాడు చెయ్యి అందించి “కమీనె” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, జుట్టు సర్దుకుని, నెమ్మదిగా కిటికీదాకా నడిచింది. కూర్చున్నాక తన బిస్కట్టు విరిచి సగం నా చేతిలో పెట్టి, “కొమె” అంది. ‘నువ్వు’ అనిపించుకుని అంత మురిసిపోవడం ఎప్పుడూ లేదే!

చోటు అయిపోతోంది. వంటింటి కప్పు కారడం ఆగిందా? నా పాత కళ్లజోడు పంపించు. చంటిదానికి ముద్దులు. బావగారితో ఇంకా మాటల్లేవట, ముందు నువ్వే పలకరించవే, నా తల్లివి కదూ.

నీ చెల్లి