రక్తపరీక్షకు ముందు పెసరట్టు

మంగళవారం రాత్రి

మా లారీ కంపెనీ ఉద్యోగుల ఆరోగ్యం కోసం వెల్ఫేర్ ఆఫీసరుగా నేను పట్టుబట్టి పెట్టించిన క్యాంపు ఇవాళ పెసరట్టు దగ్గర ఆగిపోయింది. షుగర్ పరీక్షకు అందరినీ పరగడుపున రమ్మన్నాను. ల్యాబ్ వాళ్ళు వచ్చేసరికి క్యాంటీన్ సూరిబాబు గారు అందరికీ పెసరట్టు ఉప్మా వడ్డించేశారు!

"పొద్దున్నే వచ్చినోళ్ళని ఖాళీ కడుపుతో కూర్చోబెడతామేంటండి? మర్యాదేనా?" అని నన్నే అడిగారు.

అందరికన్నా సంతోషించింది లారీ డ్రైవర్ సత్తిబాబు. పోయిన నెల స్టీరింగ్ దగ్గరే కళ్ళు తిరిగిన మనిషి, రెండో అట్టు అడిగి మరీ వేయించుకున్నాడు.

"ఏం సత్తిబాబూ, సూదంటే భయమా?"

"సూదికి కాదండి మేడం. షుగరని తేలితే నన్ను బండి దింపేస్తారు కదండీ" అన్నాడు మెల్లిగా.

ఆ భయం పోకుండా ఎన్ని క్యాంపులు పెడితే ఏం లాభం? రిపోర్టు ఎలా వచ్చినా వైద్యం చేయిస్తామని, కుదుటపడేదాకా గోడౌన్‌లో పని ఇస్తామని, జీతంలో కోత ఉండదని మేనేజరు గారి చేత రాయించాలి. ఆయన ఒప్పుకుంటారా? ఏమో, నాకు అనుమానమే. కానీ ఆయన రాసిచ్చేదాకా సత్తిబాబు లారీ నడుపుతూనే ఉంటాడు. రేపు మేనేజరు గారి గదిలోకి అందరికన్నా ముందు నేనే వెళ్తాను, సంతకం అయ్యేదాకా బయటికి రాను.