చుక్కలు పెట్టి వదిలిన పేరు

రాజోలు,
12-6-1954

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి రత్నమాలను ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మా, నేనూ కులాసా. అక్కడ అత్తయ్యగారూ, మామయ్యగారూ, బాలింతరాలు మీ చెల్లెలూ, పసిబిడ్డా కులాసాగా ఉన్నారని తలుస్తాను. గేదె ఈనిందా అని అడిగావు. ఈనింది, పెయ్యదూడ. నువ్వు లేకుండా తినబుద్ధి కాలేదని అమ్మ జున్ను సగం పక్కింటి వీరాయమ్మగారికి ఇచ్చేసింది. జవాబు ఎందుకు ఆలస్యమైందనీ అడిగావు. కొబ్బరి కొట్లో పని తెమలడం లేదని రాద్దామనుకున్నాను. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు నీ కాగితం. భాషాప్రవీణలో చేరగోరేవాళ్లు 'నేనెందుకు చదువుకోదలచాను' అని ఒక పేజీ స్వహస్తంతో రాయాలనీ, ప్రోత్సహించినవారిని పేరుతో సహా చెప్పాలనీ రాజమండ్రి కాలేజీవారు అన్నారు కదా. నువ్వు చిత్తుప్రతి పంపి, "తప్పులుంటే దిద్దండి, లోటుంటే పూరించండి, సాఫు రాసి నెలాఖరులోగా పంపుతాను" అన్నావు. కొట్లో కూర్చుని చదివాను. బాగుంది. వరదరోజుల్లో పడవ నడవక బడికి పోలేకపోతే, అరుగుమీద కూర్చుని చెల్లెలికి పాఠం చెప్పానన్న చోట చాలా బాగుంది. ఇలా రాస్తే సీటు ఎందుకివ్వరు?

కాని రెండో పేరాలో మీ మేనబావ ప్రభాకరరావు ఎందుకొచ్చాడు? అక్షరాలు దిద్దించాడట, పద్యాలు రాగం తీసి నేర్పాడట. మూడో పేరాలో మళ్లీ ఆయనే. పుస్తకాల బీరువా తాళంచెవి నీ చేతికిచ్చాడట! ఆయనకు బీరువా ఉంది, నాకేముంది, కొబ్బరిపీచు. నిన్ను చేసుకుంటానని ఆయన అడిగితే మామయ్యగారు కాదన్నారని నాకు తెలియదనుకున్నావా? రామచంద్రపురంలో మీ పక్కవీధే కదా. పసిబిడ్డను చూసే వంకతో ఎన్నిసార్లు వచ్చిపోతున్నాడో. అడగడం లేదు, ఊరికే అంటున్నాను.

అదీ ఓర్చుకున్నాను. చివరి పేరాలో, "నేను చదువు వదిలేద్దామనుకున్న ప్రతిసారీ కోప్పడి నన్ను మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టినవారు శ్రీ ............ గారు. ఈ సీటు నాకు వస్తే ముందు వారికి వచ్చినట్టే" అని రాశావు. పేరు లేదు. చుక్కలు! నాకు ఒళ్లు మండిపోయింది. రెండుచోట్ల దర్జాగా రాసిన బావ పేరు, ఇంత పెద్ద మాట దగ్గర రాయడానికి సిగ్గుపడ్డావా అనుకున్నాను. కాగితం మడిచి పెట్లో బట్టల అడుగున పడేశాను. ఆలస్యానికి కారణం కొట్టు కాదు, ఇదీ.

అన్నం సయించలేదు. గుమాస్తా అంజిబాబు పలకరిస్తే కసిరాను. మీ బావ బి.ఏ. ప్యాసయినవాడు, నేను స్కూలు ఫైనలు తప్పినవాణ్ణి. నువ్వు కాలేజీకి వెళితే అక్కడ అందరూ ప్రభాకరరావులే ఉంటారు. ఇక ఇంటికొచ్చి నాతో ఏం మాట్లాడతావు? ఈ సీటు రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను రత్నం. అనుకున్నది నీ దగ్గర దాచలేను.

నిన్న అమ్మ నా వాలకం చూసి నిలదీసింది. కాగితం తీసి చదివి వినిపించాను. చుక్కల దగ్గరకొచ్చేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వుతావేంటమ్మా?"

"నవ్వక ఏం చెయ్యమంటావురా! గరిటె నా చేతికిచ్చి, ఆ పిల్లని పొయ్యి దగ్గర్నించి లేపుకెళ్లి పుస్తకం ముందు కూచోబెట్టిందెవడ్రా? అత్తయ్యగారొక్కరే చేసుకుంటున్నారండీ, నాకీ చదువొద్దండీ అంటే కేకలేసిందెవడు? ఆ బావేనా?"

"నేనే. మరి నా పేరెందుకు రాయలేదు?"

"మొగుడి పేరు రాస్తారట్రా ఎక్కడైనా? జనాభా లెక్కలోళ్లు వచ్చినప్పుడు మీ నాన్న పేరు చెప్పలేక నేను నిన్ను కేకేసేను కాదూ? ఆ పిల్ల రాయలేని పేరు ఊరు మొత్తంమీద ఒక్కటేరా. బావ పేరు రాయడానికి దానికేం అడ్డు!"

ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్నది నా మీద నేనే. దానికి తోడు, నిన్ను కేకలేసిన సంగతి నాకు గుర్తు కూడా లేదు. నువ్వు గుర్తుపెట్టుకున్నావు.

ఇప్పుడు చిక్కేమిటంటే, కాలేజీవారికి నీ చేతిరాతే కావాలి, కనుక నేను పూరించి లాభం లేదు. చుక్కలతోనే పంపితే వాళ్లూ నాలాగే ఏదో ఊహించుకుంటారు. ఆ వాక్యం కొట్టెయ్యమనడానికి నాకు మనసొప్పడం లేదు. అమ్మనడిగితే, "నోటితో అనకూడదు గానీ, చూసి ముగ్గేసినట్టు వేసెయ్యమను" అంది. అందుకని ఈ ఉత్తరం కింద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పక్కన పెట్టుకుని గీసెయ్యి. సీటు రావాలి. వస్తే రాజమండ్రిలో నేనే స్వయంగా దిగబెట్టి వస్తాను.

బావ పేరు తీసెయ్యమని అనను. కాని ఆరేసి అక్షరాలు రెండుసార్లు రాశావు. నాది నాలుగే.

ఇట్లు,
నీ భర్త,
రా ఘ వు లు