పెట్టె రాకముందే తాంబూలం

హోసూరు

నాగేశప్ప మామకు మేనకోడలు రంజిత నమస్కారం.

మన ఊళ్ళో ఫోను పలకదు కనుక ఈ ఉత్తరం. మామిడి రైతుల సంఘానికి ఇంటర్నెట్ పెట్టే పని మా కంపెనీ నాకే అప్పజెప్పింది. లైను సంఘం ఆఫీసు దాకా వస్తుంది. అక్కడ రౌటర్ అనే పెట్టె దాన్ని ఇళ్ళకు పంచుతుంది. పెట్టె ఇంకా రాలేదు. అయినా అది నడుచుకోవలసిన తీరంతా ఇక్కడే కంప్యూటర్లో రాసిపెడుతున్నాను. సంఘం అధ్యక్షులు కాబట్టి చెప్పండి, అందరూ ఒకేసారి వాడితే లైను ముందు దేనికి ఇవ్వాలి, తర్వాత దేనికి?

మీ రంజిత

తా.క. మా నాన్న ఇంటిని మరిచిపోకండి.

వేప్పనపల్లి

చిరంజీవి రంజితకు మామ ఆశీస్సులు.

పెట్టె లేదు, పని మాత్రం జరుగుతా ఉందా? మీ అత్త చౌడమ్మ ఇంకా నవ్వుతానే ఉంది.

ముందు, తర్వాత అనే మాట నా దగ్గర ఎత్తొద్దమ్మా. మా గృహప్రవేశంలో మొదటి తాంబూలం వయసులో పెద్దవాడని మునెప్పకు ఇచ్చినందుకే కదా, మీ నాన్న మారప్ప మా గడప తొక్కడం మానేసినాడు! సొంత బావను మరిచిపోయినానంట. ఇప్పుడు పెట్టె చేత కూడా తాంబూలాలు పంచిస్తావా? సరే, రాసుకో. మొదట మునెప్ప, తర్వాత మన సంఘంలో కుర్రోడు ధనుంజయ్, చివర నేను. మీ నాన్నను ఎక్కడ రాసినా తగువే, అందుకని రాయలేదు.

మీ మామ నాగేశప్ప

తా.క. ఆకూ వక్కా పెట్టెతోబాటే వస్తాయా, మేము తేవాలా?

హోసూరు

మామకు నమస్కారం.

వరస మనుషులకు కాదు మామా, పనులకు! కృష్ణగిరి మండీ రేటు చూడడం ముందు, సినిమాలు తర్వాత, అట్లాగన్నమాట. మనిషి ఎదురుగా లేకపోయినా కొలతలు పంపితే టైలరు చొక్కా కుట్టడా? ఇదీ అంతే.

మీ రంజిత

తా.క. ఆకూ వక్కా వద్దు. చౌడమ్మ అత్త చేతి ఒబ్బట్లు అయితే పంపండి.

వేప్పనపల్లి

రంజితకు మామ ఆశీస్సులు.

పనులకు వరసంటే ఇంకా పెద్ద తగువైంది. మీటింగు పెట్టినాము. ధనుంజయ్ క్రికెట్ ముందన్నాడు, మీ అత్త సీరియల్ ముందనింది. మునెప్ప మాత్రం, "ఆ పెట్టెను మా ఇంట్లో పెట్టండప్పా, నేనే న్యాయంగా పంచుతాను" అన్నాడు. చొక్కాకు కొలతలు ఎవరివి పంపేది?

మీ మామ

తా.క. మీ నాన్న లోపలికి రాలేదు. కిటికీ బయట నిలబడి విన్నాడు. కుర్చీ పంపితే కూర్చోలేదు. వెనక్కీ పంపలేదు, ఇంటికి తీసుకుపోయినాడు.

హోసూరు

మామకు నమస్కారం.

వరస నేనే రాసేశాను, మండీ రేటుదే మొదటి చోటు. పెట్టె వచ్చేసింది, మా ఆఫీసు మాదేశ్ తెచ్చి బిగిస్తాడు. పాస్‌వర్డ్ సగం ఈ ఉత్తరంలో ఉంది, మిగతా సగం నాన్నకు రాశాను. రెండూ కలిపితేనే లైను వస్తుంది. కోతలయ్యాక నా నిశ్చితార్థం. మేనమామ లేకుండా ఆ పీట మీద నేను కూర్చోలేను. ఇది మాత్రం ఎగతాళి కాదు మామా.

మీ రంజిత

తా.క. కుర్చీ అడిగే వంకతోనైనా వెళ్ళండి.

వేప్పనపల్లి

మా తల్లి రంజితకు మామ ఆశీస్సులు.

లైను వచ్చింది. నువ్వు నాకు రాసినదాన్ని మీ నాన్న, ఆయనకు రాసినదాన్ని నేను చదివినాము. ఇద్దరమూ కడుపు పట్టుకొని నవ్వినాము. మీటింగు అయిన మరుసటి పొద్దే కుర్చీ ఎత్తుకొని ఆయన ఈడికే వచ్చినాడు. "నాగేశప్పా, నా కూతురు ఊరునంతా వరసలో నిలబెడతా ఉంది, మనకెందుకప్పా ఈ పంతాలు?" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. అప్పటినుంచి పొద్దుటి కాఫీ మా ఇంట్లోనే. నీకు చెప్పొద్దన్నది ఆయనే. పెట్టె రాకముందే అన్నీ సిద్ధం చేసుకునేది నీకొక్కదానికే తెలుసనుకున్నావా?

మీ మామ నాగేశప్ప

తా.క. నీ నిశ్చితార్థంలో మొదటి తాంబూలం మేనమామనని నాకే ఇయ్యాలంటాడు మీ నాన్న. మునెప్పకని నేనంటాను. పొద్దుటినుంచి అరుచుకుంటానే ఉన్నాము, ఒకే అరుగు మీద కూర్చొని.