వెనక తలుపు

సూర్యాపేట,
నవంబరు 6.

నా ప్రియమైన అరుంధతక్కకు,

నీ చెల్లె ప్రమీల రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగున్నాం అని రాయబోయి ఆగిపోయాను. బాగలేను అక్కా.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీకు ఫోన్ చేస్తే మీ అంగన్‌వాడీ మొత్తానికీ చేసినట్టే. చేతులు ఖాళీ లేవని స్పీకర్ పెడతావు. నేను ఇక్కడ ఏడ్చుకుంటూ మాట్లాడుతుంటే అక్కడ ఆయమ్మ "ఎవరు మేడం, చెల్లెనా? గట్ల ఉన్నదేంది గొంతు?" అని అడుగుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. ఈ కవరు మిర్యాలగూడ బస్సు కండక్టర్ నాగేందరన్న చేతికిస్తాను. నువ్వు ఒక్కదానివే చదువు. బావకు కూడా చూపించకు.

శ్రావణంలో జరిగింది నీకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నావు. కోదాడ నుంచి సూర్యాపేటకు పొద్దుటి ట్రిప్పు, కండక్టర్‌గా నేనే. బస్సు కిటకిటలాడుతోంది. చివ్వెంలకు ముందు రావికుంట స్టేజీ దగ్గర ఆపాం. అక్కడ రోజూ ఎక్కే రేణుకమ్మ అని ఒక పెద్దామె ఉంది, గొర్లు, బర్లున్న ఇల్లు వాళ్లది, పెరుగు గిన్నె నెత్తిన పెట్టుకుని సూర్యాపేటలో వాడవాడా తిరిగి అమ్ముకుంటుంది. ఆ రోజు ఆమె ఎక్కుతుండగానే బస్సు కదిలింది. రోడ్డు మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె మూలుగు, నా అరుపులు, డ్రైవర్ మట్టయ్యన్న కేకలు, అన్నీ కలిసిపోయాయి. రోడ్డు మీద తెల్లగా పెరుగు. ఇంతవరకే నీకు చెప్పాను.

చెప్పనిది ఇప్పుడు చెప్తున్నాను. నేను వెనక తలుపు చూడలేదు.

బస్సు మధ్యలో ఇరుక్కుని ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు కొడుతున్నాను. మిషను మీదున్న కళ్లు పైకెత్తలేదు. తలుపు దగ్గర వేలాడే కాలేజీ పిల్లలు "రైట్ రైట్" అని అరిచారు. వాళ్లు రోజూ అరుస్తారు. వాళ్లకది సరదా. నేను కూడా అలవాటు మీద, చూడకుండా, వాళ్ల మాట అందుకుని "రైట్" అన్నాను. మట్టయ్యన్నకు నా గొంతు వినపడితే చాలు, గేరు వేస్తాడు. పన్నెండేళ్లుగా నన్ను నమ్మే వేస్తున్నాడు.

విచారణలో ఏం రాసిచ్చానో తెలుసా? "వెనక తలుపు చూసి, ఎక్కేవాళ్లు ఎవరూ లేరని తెలుసుకున్నాకే రైట్ చెప్పాను. ఆమె కదులుతున్న బస్సు ఎక్కబోయి పడిపోయింది." నా చేత్తోనే రాశాను, ఒక్క కొట్టివేత కూడా లేకుండా. ఆమె కూడా దవాఖానలో మంచం మీద అదే మాటకు వేలిముద్ర వేసిందట. ఆ నొప్పిలో ఏం రాశారో, ఏం చదివి వినిపించారో ఆ తల్లికేం తెలుసు? తప్పు ఆమెదేనని ఫైలు మూసేశారు. నాతో అందరూ "గండం గడిచింది" అన్నారు.

గడవలేదు అక్కా. తిరిగి డ్యూటీలోకి వెళ్లిన మొదటి రోజే రైట్ చెప్పబోతే నోరు తెరుచుకుంది కానీ మాట రాలేదు. కిందికి దిగి, బస్సు చుట్టూ తిరిగి చూసి, ఎక్కి, మళ్లీ అనుమానం వచ్చి దిగాను. ప్రతి స్టేజీలోనూ అంతే. ప్రయాణికులు తిట్టారు. "ఏం దేవులాడుతున్నవమ్మా, ఏమన్న పారేసుకున్నవా?" అని ఒకాయన. మట్టయ్యన్న మాత్రం అద్దంలోంచి చూస్తూ "నిమ్మలంగ చెప్పు ప్రమీలా, నాకేం తొందర లేదు" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. పదో రోజుకల్లా సిక్ లీవు పెట్టాను. ఇప్పటికి రెండు నెలలు దాటింది.

ఇంట్లో ఉంటే నెమ్మది వస్తుందనుకున్నాను. ఏదీ! గేటు దగ్గరికి పోతాను, ఎందుకు వచ్చానో మరిచిపోయి తిరిగొస్తాను. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెడతాను. మా పిల్ల స్కూలు ఆటో ఎక్కితే ఆటో వెనక నిలబడి "ఆగన్నా, ఆగు" అంటాను. ఆ ఆటో ఆయన నన్ను చూసి ఇప్పుడు దండం పెడుతున్నాడు. నువ్వేమో పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపి "పాజిటివ్‌గా ఆలోచించు, ప్రార్థన చేసుకో" అంటావు. కోపం తెచ్చుకోకు కానీ, ఆ పువ్వులు చూస్తే ఫోన్ గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

డిపోలో మానసిక దృఢత్వం మీద క్లాసు పెడితే దానికీ పోయాను. కోటు వేసుకున్న ఒక సారు వచ్చి, పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను ధైర్యవంతురాలిని" అని ఇరవై ఒక్కసారి అనుకోమన్నాడు. అనుకున్నాను. నిజం చెప్తున్నా, వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ అనుకున్నాను. అద్దంలో ఉన్నది అబద్ధం రాసిచ్చిన మొహమే కదా, అది ఇంకో అబద్ధం ఆడితే ఎవరు నమ్ముతారు? ఆ సారు తప్పేం లేదులే. నా లోపల ఏముందో ఆయనకు చెప్పలేదు కదా.

రాజీనామా కాగితం రాసిపెట్టాను. సోమవారం ఇచ్చేస్తాను. మీ మరిది శ్రీను మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు "వద్దనిపిస్తే మానెయ్, ఫ్యాక్టరీ క్యాంటీన్ల ఏదన్న సూస్త" అన్నాడు. ఆయనకు కూడా అసలు సంగతి తెలియదు. నీకొక్కదానికే చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. జవాబు రాయకపోయినా పర్వాలేదు. నన్ను అసహ్యించుకోకు.

నీ చెల్లె,
ప్రమీల


రావికుంట,
నవంబరు 8.

కండక్టరమ్మ ప్రమీలకు,

రేణుకమ్మ చెప్తున్నది. రాసేది నా కోడలు నాగరాణి. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయమన్న, ఒక్క మాట నున్నగ చెయ్యొద్దన్న.

మీ అక్క వచ్చింది. నిన్న పొద్దుగాల మిర్యాలగూడ నుంచి సంచెడు బత్తాయిలు పట్టుకొని వచ్చి నా మంచం మీద కూసున్నది. నీ ఉత్తరం తీసి గట్టిగ చదివింది. నేను, నా కోడలు, పక్కింటి మణెమ్మ, అందరం విన్నం. మణెమ్మ అయితే ఏడ్సింది. నాకు ఏడుపు రాలే. మస్తు కోపమొచ్చింది.

ముందుగాల ఒక ముచ్చట విను. తప్పు నీదే. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టి "ఆగు బిడ్డా" అని అరిచిన. నువ్వు సూడలే. ఉన్న మాట ఉన్నట్టు అంటున్న.

ఇంకోటి. వేలిముద్ర నేను తెల్వక ఎయ్యలే. నొప్పి తుంటికి, చెవులకు గాదు. సార్లు వచ్చి అడిగితే నేనే "ఉరికి ఎక్కిన, నాదే తప్పు" అని చెప్పిన. నీ మీద ప్రేమతోని, పావురంతోని అనుకోకు. మా స్టేజి కాడ ఆపేదానివి నువ్వొక్కదానివే. మిగిలిన బస్సులు నిండినయని చెయ్యి ఊపుకుంట పోతయి. నువ్వు ఆపి, "గిన్నె లోపటికి ఇయ్యి పెద్దమ్మా" అని అందుకుంటవు. నిన్ను తీసేస్తే మాకు బస్సే లేదు. అది ఆలోచించి, సోచాయించి చెప్పిన. ఇప్పుడు ఏమైంది? నువ్వు ఇంట్ల కూసున్నవ్. మా ఊరి ఆడోళ్లు పదిమంది పొద్దుగాల లేసి చివ్వెంల దాక నడుస్తున్నరు. నా కోడలు నెత్తిన పెరుగు గిన్నె పెట్టుకొని నడుస్తున్నది. నా తుంటి పాయె, నా అబద్ధం పాయె, బస్సు కూడ పాయె. ఏం ఫాయిదా?

భయమైతుందంటవు. నాకు గాదా? హారన్ వినపడితే తుంటి జివ్వుమంటది. భయం పోయినంక లేస్త అనుకుంటే ఇయ్యాలకూ మంచం మీదనే ఉంటుంటి. మొదటి దినం గడప దాక పోయిన. రెండో దినం గొర్ల దొడ్డి దాక. అవుతల మణెమ్మ ఇల్లు దాక పోయి, ఆమెతోని జర లడాయి పెట్టుకొని, కోపం మీద నడుసుకుంట వాపస్ వచ్చిన. రోడ్డు ఎంత దూరమున్నదో సూడలే. ఇయ్యాల ఏ ఇల్లు దాక అని అదొక్కటే సూసుకున్న. ఇప్పుడు కట్టె పట్టుకొని స్టేజి దాక పోతున్న.

సోమవారం కాకుండ వచ్చే సోమవారం పొద్దుగాల నేను స్టేజి కాడ ఉంట. నువ్వు బస్సుల ఉండాలె. లేకుంటే నేనే కట్టె పట్టుకొని డిపోకు వస్త, ఎవలు సూడలేదో, ఎవలు ఉరకలేదో అన్నీ చెప్త. ఉత్తగ బెదిరిస్త లేను.

రేణుకమ్మ

(ప్రమీలక్కా, అత్తమ్మ చెప్పినట్టే రాసిన. ఆమె వస్తనంటే వస్తది. మొన్న మణెమ్మత్తను కూడ గిట్లనే బెదిరించింది, అన్నట్టే చేసింది. మీరు రాండ్రి. నాగరాణి)


సూర్యాపేట,
నవంబరు 17.

మా అక్క అరుంధతికి, ప్రేమ సగం, కోపం సగం,

చివరికి నా ఉత్తరాన్ని కూడా స్పీకర్‌లో పెట్టావు! నువ్వొక్కదానివే చదువు అని రాస్తే ఊరికి పోయి, మంచం మీద కూర్చుని, మణెమ్మతో సహా అందరికీ చదివి వినిపించావు. రేణుకమ్మ ఉత్తరం అందిన రోజు నీకు ఫోన్ చేసి తిట్టాలని నంబరు తీశాను. తిట్లు రాలేదు, ఏడుపొచ్చింది. అందుకే పెట్టేశాను. నువ్వు ఆ తర్వాత ఏడుసార్లు చేశావు, నేను ఎత్తలేదు. ఈ మాటలన్నీ నిన్ను కూర్చోబెట్టి చెప్పినట్టు రాయాలనిపించింది.

ఆమె ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. "తప్పు నీదే" అన్న చోట ఆగిపోయేదాన్ని. మూడు నెలల్లో నాతో ఆ మాట అన్న మనిషే లేడు. అందరూ "నీ తప్పేం లేదు ప్రమీలా" అనే వాళ్లే. ఆ ఓదార్పు ఎవరు చెప్పినా నాకు ఎక్కడా ఆనలేదు. ఈమె మాట మాత్రం ఆనింది. ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను.

రాజీనామా కాగితం చింపేసి, దాని బదులు ఇంకోటి రాశాను. "నేను వెనక తలుపు చూడలేదు. విచారణలో అబద్ధం రాశాను." అంతే. మేనేజర్ సారు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, "మూసేసిన ఫైలు ఎందుకమ్మా తెరిపిస్తున్నవ్?" అన్నారు. "నాకు మూసుకోలేదు సార్" అన్నాను. ఆయన కాగితం మీద తేదీ వేసి ఫైల్లో పెట్టారు. మళ్లీ విచారణ ఉంటుందన్నారు. అది తేలేదాకా డ్యూటీ చెయ్యమన్నారు. ఏం శిక్ష పడుతుందో తెలియదు అక్కా. ఉద్యోగమే పోవచ్చు. శ్రీనుకు కూడా అంతా చెప్పాను. విని, లేచి చాయ పెట్టుకొచ్చి ఇచ్చాడు.

ఈ రోజు పొద్దున డ్యూటీ ఎక్కాను. కోదాడ బస్టాండులో బస్సు మెట్టు మీద కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. సూర్యాపేట దాకా వెళ్లాలని అనుకోలేదు. మొదటి స్టేజీ దాకా చాలు అనుకున్నాను. అక్కడికి చేరాక ఇంకో స్టేజీ. మధ్యలో రెండుసార్లు కిందికి దిగి చూశాను, ఒకసారి అవసరం లేకపోయినా దిగాను. మునగాల దాటాక మిషను చేతిలోంచి జారింది. నోటికి రైట్ రాక, నేను బస్సు మీద చేత్తో తడితేనే మట్టయ్యన్న గేరు వేశాడు.

రావికుంట స్టేజీలో రేణుకమ్మ ఉంది. ఒక చేతిలో కట్టె, పక్కన కోడలు నెత్తిన పెరుగు గిన్నె. నేను దిగి ఆమె వెనక నిలబడ్డాను. కాళ్లకు మొక్కబోతే కట్టెతో అడ్డుపెట్టింది. "మొక్కులు తర్వాత. కాగితం ఇచ్చినవంట గదా డిపోల, మీ బస్సోళ్లే చెప్పిండ్రు? మరి నేను అంత నొప్పిల ఆడిన అబద్ధం ఉత్తదే అయిపాయె గదనే!" అని రోడ్డు మీదే తిట్టింది. తిడుతూనే కాలెత్తింది. మొదటి మెట్టు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. బస్సు లోపల ప్రయాణికుల గొణుగుడు మొదలైంది. నేను గిన్నె అందుకుని లోపల పెట్టాను. ఆమె రెండో మెట్టు మీద ఉండగానే ముందునుంచి ఎవడో పిల్లవాడు, అలవాటు మీద, "రైట్ రైట్" అని అరిచాడు.

అక్కా, నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు. "ఎవర్రా అన్నది? ఈ బస్సుల ఆ మాట నాది! ఇంకెవ్వలన్న అంటే ఈడనే దింపేస్త!" అని అరిచాను. మట్టయ్యన్న ఇంజను ఆపేశాడు.

రేణుకమ్మ సీట్లో కూర్చుంది. కోడలు పక్కన కూర్చుంది. నేను మెట్టు చూశాను, తలుపు చూశాను, కింద చూశాను. మళ్లీ చూడబోతుంటే ఆమె కట్టెతో నా మోచేతి మీద తట్టింది. "ఇగ సూసింది సాలు. పెరుగు పులుస్తది. చెప్పు" అంది.

"రైట్" అన్నాను. సగం గొంతే వచ్చింది. బస్సు కదల్లేదు. మట్టయ్యన్న అద్దంలోంచి చూస్తూ, "వినపడలే ప్రమీలా!" అన్నాడు. వినపడింది ఆయనకు, నాకు తెలుసు. రెండోసారి బస్సంతా వినపడేలా చెప్పాను. బస్సు కదిలింది. చివ్వెంల రాకముందే ఆమెకు జీరో టికెట్టు కొట్టిచ్చాను. ఆమె దాన్ని చూసి, మడిచి కొంగున ముడేసుకుంది.

రేపు మళ్లీ ఎక్కాలి. రేపు కూడా భయమేస్తుంది. విచారణ కాగితం ఎప్పుడొస్తుందో తెలియదు, రానీ.

ఇంక నీకు ఉత్తరాలు రాయను అక్కా. ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టుకో.

నీ చెల్లె,
కండక్టర్ ప్రమీల